కూలియా, కానుకయా, మామూలా?

తిరుమల కల్యాణకట్టలో తలనీలములు సమర్పించుటకు రుసుము లేదు. మ్రొక్కు తీర్చుకొనవచ్చిన వారికి చీటీ ఉచితము, క్రొత్త బ్లేడు ఉచితము. క్షురకుని శ్రమకు ప్రతిఫలము దేవస్థానమే చెల్లించును. భక్తులు క్షురకులకు డబ్బు ఇయ్యవలదని దేవస్థానమువారు చెప్పుచునే యున్నారు. ఐనను పని పూర్తియైన పిమ్మట, తడితల తుడుచుకొనుచున్న యాత్రికుని చెవిని “ఏమైనా ఇచ్చి పొండి సామీ” అను మాట పడుట అరుదు కాదు. కొందరు పది రూపాయలిత్తురు. కొందరు ఏబది ఇత్తురు. ఇయ్యవలెనో వలదో తెలియని వారు ప్రక్కవారేమి చేయుచున్నారో చూచి అట్లే చేయుదురు. ఇచ్చుటకు లేనివారు తల వంచుకొని నడచిపోవుదురు. దేవుని యెదుట వంచుటకని కొండకు తెచ్చిన తల, ఆయనను చూడకమునుపే వేరొకచోట వంగవలసి వచ్చుచున్నది. చిక్కంతయు ఇందే యున్నది.

పది రూపాయల నోటును గూర్చి ఇంత విచారమేల యని తోచవచ్చును. కాని 2022 చివరలో ఆ నోటే కొండపై వివాదమునకు కారణమైనది. క్షురకులు భక్తుల నుండి డబ్బు తీసికొనుచున్నారని విజిలెన్సు వారు సోదాలు జరుపగా, ఆ సోదాల తీరు తమ గౌరవమునకు భంగకరముగా నున్నదని క్షురకులు నిరసనకు దిగిరి. ఉచితమని ప్రకటించిన సేవకు డబ్బు పుచ్చుకొనుట తప్పు గదా యని ఒక పక్షము. భక్తుడు సంతోషముతో చేతిలో పెట్టినదానిని దొంగసొమ్ము వలె జేబులు తడవి వెదకుట న్యాయమా యని రెండవ పక్షము. ఉభయుల మాటలలోను కొంత నిజము కలదు. ఆ నోటునకు ఏమి పేరు పెట్టవలెనో తేలకపోవుట వలననే వివాదము కూడ తేలలేదు. అది కూలియా? కానుకయా? మామూలా?

తెలుగున ఈ విషయమునకు మాటల కొఱత లేదు. పనికి ముందుగా నిర్ణయించుకొన్నది కూలి. నెలకు నిర్ణయించుకొన్నది జీతము. వైదికునకిచ్చునది దక్షిణ, పండితునకిచ్చునది సంభావన. మెచ్చి ఇచ్చునది బహుమానము, అదే తురకల దొరతనమున ఈనామైనది. అరబ్బీలో ఆ మాటకు అనుగ్రహించి ఇచ్చినదని అర్థము. దొర దయతో ఇచ్చిన భూములు ఈనాము భూములైనట్లే, దారిని పోవు పెద్దమనిషి దయతో ఇచ్చిన కాసును ఈనామే అయ్యెను. బక్షీసు పారసీకము. దాని ధాతువునకు ఇచ్చుట యనియే అర్థము. వీనిలో మిక్కిలి విచిత్రమైనది మామూలు. అరబ్బీలో అది ఆచరణలో నున్నది అను అర్థముగల మాట. తెలుగువారు దానిని రెండు విధముల వాడుదురు. “అంతా మామూలే” అన్నచో ఎప్పటివలెనే యున్నదని తాత్పర్యము. “మామూలు ముట్టినది” అన్నచో లంచము చేరినదని తాత్పర్యము. ఎప్పుడును జరుగునది అను మాటయే లంచమునకు పేరగుట భాషాశాస్త్రమునకంటె సంఘచరిత్రకు ఎక్కువ సంబంధించిన విషయము.

ఈ మాటల నడుమ కొసరు అను అచ్చతెలుగు మాట యొకటి కలదు. అది ఎదురు నడచునది. తూచిన పిమ్మట చింతపండు మరికొంత వేయుట, కొలిచిన పిమ్మట పాలు మరికొన్ని పోయుట కొసరు. అనగా పాత సంతలలో అదనముగా ఇచ్చువాడు అమ్ముకొనువాడే గాని కొనువాడు కాడు. కొసరు అడుగుటలో కొనువానికి సిగ్గు లేదు, వేయుటలో అమ్మువానికి నామోషీ లేదు. కొనువాడు సేవకునకు అదనముగా ఇయ్యవలెనన్న పద్ధతి హోటలుతోను, రైలుస్టేషనుతోను, సత్రముల స్థానమున వెలసిన లాడ్జీలతోను బలపడినది. టిప్పు అను ఇంగ్లీషు మాట దానితో వచ్చినది. ఆ మాట పుట్టుకను గూర్చి, త్వరగా పని చేయించుకొనుటకై ఇచ్చునదని అర్థమిచ్చు మూడు పదముల మొదటి అక్షరములు కలిసి అది ఏర్పడినదని ఒక కథ ప్రచారములో నున్నది. ఆ కథకు ఆధారము లేదు. ఐనను అది ఇంత వ్యాపించుటకు కారణము లేకపోలేదు. ఆ పద్ధతిలోని లోగుట్టును అది బయటపెట్టుచున్నది.

క్షురకుని సంగతి వేరు. అతడు హోటలు పరిచారకుని వలె నిన్న మొన్న ఏర్పడిన ఉద్యోగి కాడు. రాయలసీమ పల్లెలలో మంగలికి, చాకలికి, వడ్రంగికి, కమ్మరికి ఏటికొకమారు కళ్లములో ధాన్యము కొలుచు ఆచారముండెను. దానికి మేర యని పేరు. ఏ యింటికెంత, ఏ కాడికెంత యనునది ఊరందరికి తెలిసిన లెక్క. అది దయ గాదు, హక్కు. రాశి యెత్తక ముందే మేర తీయవలెను. పెండ్లిలో మంగళవాద్యమునకును, పురుటింట చేసిన ఉపకారమునకును వేరుగా కట్నములు కలవు. అవియు వాడుకలో స్థిరపడినవే. ఈ పద్ధతిని బంగారుకాలపు గుర్తుగా పొగడుట తగదు. ఆ హక్కు వెంట కులమను సంకెల యున్నది. మంగలి కొడుకు మంగలియే కావలెను. పిలిచినప్పుడు పోవలెను. కరవు వచ్చి కళ్లము ఎండినచో వాని కడుపును ఎండును. ఎక్కువ అడుగుటకు నోరు లేదు, ఊరు విడిచి పోవుటకు దారి లేదు. కాని ఒక్క మాట మాత్రము నిజము. తనకు రావలసినదెంతయో వానికి తెలియును, ఇచ్చువానికిని తెలియును.

కాలక్రమమున కళ్లములు తగ్గి కాసులు పెరిగినవి. మేర పోయినది. కులవృత్తి బంధము సడలుట మేలే. ఐతే హక్కుగా వచ్చినది ఎంతవరకు జీతముగా మారెను, ఎంతవరకు యాచనగా మారెను అని విచారించినచో సమాధానము సంతోషకరముగా ఉండదు. పండుగనాడు వాకిట నిలిచి “అమ్మా, మామూలు” అని అడుగు చాకలి, చెత్త యెత్తువాడు, జాబులు తెచ్చువాడు — వీరందరు నాటి మేర యొక్క నీడలు. వస్తువు పోయినది, చాచిన చేయి మిగిలినది. ధాన్యము కొలుచునాడు ఇంటివాడు బాకీ తీర్చుచుంటిననుకొనెను. నేడు పది రూపాయలిచ్చుచు దానము చేయుచుంటిననుకొనుచున్నాడు. తీసికొనువాని స్థితిలో ఈ భేదము చిన్నది కాదు.

దేవాలయములలోను ఇట్టి మార్పే జరిగినది. తిరుమల శాసనములను చదివినవారికి, నివేదించిన ప్రసాదములో దాత భాగమెంత, కైంకర్యపరుల భాగమెంత యని వివరముగా వ్రాసియుండుట తెలియును. దాతకు నాలుగవ పాలు చెందుట వాడుక. ఎవరి సేవకు ఏది ప్రతిఫలమో రాతిమీద చెక్కిన కాలమది. తరువాత వంశపారంపర్యమైన మిరాసీ హక్కులు శతాబ్దముల తరబడి నడచినవి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ ధర్మాదాయ, దేవాదాయ చట్టము మిరాసీలను రద్దు చేసెను. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించెను. దేవుని సన్నిధిని సేవ చేయువాడు వాటాదారు గాక ఉద్యోగి కావలెను, వానికి జీతముండవలెను అనునది ఆ చట్టము వెనుకనున్న సూత్రము. ఆ సూత్రమునంగీకరించిన పిమ్మట దాని పర్యవసానమును కూడ అంగీకరింపవలెను. సేవకుని పోషణభారము సంస్థది. యాత్రికునిది కాదు.

కల్యాణకట్టలో పనిచేయువారందరు ఒక్క తరగతివారు కారు. స్థిరమైన ఉద్యోగులు కలరు. తలకింతయని లెక్కగట్టి చెల్లింపు పొందు పీసు రేటు వారును కలరు. స్త్రీలకు తలనీలములు తీయుటకు స్త్రీ క్షురకులు కలరు. నేలమీద కూర్చుండిన యాత్రికుని ముందు గంటల తరబడి వంగి చేయవలసిన పని అది. కత్తి జారినచో నెత్తురు వచ్చును, చేయి నిదానించినచో వరుస పెరుగును. తలకింతయను లెక్కలో అలసటకు, జ్వరమునకు, యాత్రికులు పలుచబడిన దినములకు చోటు లేదు. మరియొకవైపు చూడుడు. అక్కడ కుప్పపడిన వెంట్రుకలు గ్రేడులుగా వేరుపడి ఈ-వేలమున అమ్ముడుపోవును. ఆ అమ్మకము వలన దేవస్థానమునకు ఏటా వంద కోట్ల రూపాయలకు పైచిలుకు ఆదాయము వచ్చుచున్నదని బడ్జెటు పత్రములే చెప్పుచున్నవి. తలనీలములిచ్చినవాడు దేవునికిచ్చెను. అవి ధనమైనవి. ఆ ధనములో వానిని తీసిన చేతికెంత చెందవలెనో నిర్ణయింపవలసినది దేవస్థానమే. ఆ లెక్కను తడిగుండుతో నిలిచిన యాత్రికుని జేబు వద్దకు తెచ్చుట ధర్మము కాదు.

దీనికి పోలికగా కొండమీదనే మరియొక స్థలమును చూడవచ్చును. 1985లో మొదలైన నిత్యాన్నదానము నేడు తరిగొండ వెంగమాంబ పేరిట వెలసిన అన్నప్రసాద కేంద్రమున సాగుచున్నది. అచ్చట వడ్డించువానికి ఎవ్వరును చిల్లర ఇయ్యరు. అతడును అడుగడు. ఇచ్చినచో చిన్నబుచ్చుకొనును. రెండును ఉచిత సేవలే గదా, ఒకచోట లేని మాట రెండవచోట ఏల వినబడుచున్నది? కొందరు దీనిని భక్తిలోని హెచ్చుతగ్గులుగా వివరింతురు. అది తొందరపాటు. వడ్డించువారిలో పలువురు 2000లో ఏర్పడిన శ్రీవారి సేవ మూలమున వచ్చిన స్వచ్ఛంద సేవకులు. వారి బ్రతుకుతెరువు వేరొకచోట నున్నది. కొన్ని దినములు సెలవు పెట్టి వచ్చి, సేవ చేసి, తృప్తితో తిరిగిపోవుదురు. క్షురకునకు పోవుటకు వేరొక చోటు లేదు, అదియే అతని ఇల్లు గడుచు దారి. సెలవుమీద వచ్చినవాని త్యాగమును కొలబద్దగా చేసి కూలివాని ఆశను కొలుచుట అన్యాయము. ఉచితసేవ యాత్రికునకు ఉచితము కావలెను గాని చేయువానికి నష్టము కారాదు.

ఇక భక్తుని పక్షమున నున్న బలమైన వాదమొకటి కలదు. “అతడడిగినందులకు కాదు, నా మ్రొక్కు తీరిన సంతోషమున నేనే యిచ్చితిని. ఇందు తప్పేమి?” అని అతడడుగవచ్చును. ఈ వాదమునకు సమాధానము చెప్పుటకు దానమను మాటను కొంచెము పరిశీలింపవలెను. భగవద్గీత 17వ అధ్యాయమున దానము మూడు విధములుగా చెప్పబడినది. సాత్త్వికదానమునకు చెప్పిన లక్షణములలో, తిరిగి ఉపకారము చేయనివానికిచ్చుట యొకటి. ప్రత్యుపకారమును కోరి ఇచ్చునది రాజసము. గౌరవము లేక ఇచ్చునది తామసము. ఈ కొలత పెట్టి చూచినచో సేవ చేసినవానికిచ్చు చిల్లర సాత్త్వికదానమే కాజాలదు. అతడు ఉపకారము చేసియే యున్నాడు. కావున అది పుణ్యఖాతాలో వ్రాసికొనదగినది కాదు. మిగిలినది ఒక్కటే, కృతజ్ఞత. కృతజ్ఞత ఉత్తమగుణమే. కాని అది పదిమంది చూచుచుండగా ఒకే వరుసలో నోట్ల రూపమున ప్రకటితమైనప్పుడు, వెనుక నున్నవానికి అప్పుగా మారును.

ఒక యుదాహరణము అనుకొందము. పలమనేరు ప్రక్క పల్లె నుండి తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు కొండకు వచ్చిరి. పిల్లల పుట్టువెండ్రుకల మ్రొక్కు, పెద్దల మ్రొక్కు కలిసి ఐదు తలలు. ముందున్న సంపన్నుడు సంతోషముతో తలకు నూరు ఇచ్చెను. తరువాతివాడు అది చూచి ఏబది ఇచ్చెను. ఈ కుటుంబము ఇరువది చొప్పున ఇచ్చినను నూరు రూపాయలైనవి. అది తిరుగుప్రయాణమునకు దాచుకొన్న సొమ్ము. ఇయ్యనిచో పిల్లవాని తలపై కత్తి కాస్త మోటుగా నడచునేమో యని తల్లి భయము. అట్లు నడవకపోవచ్చును. పెక్కుమంది క్షురకులు పసిపిల్లల తలను సొంతబిడ్డ తలవలె పట్టుకొనువారే. కాని భయము పుట్టినంతనే ఉచితమను మాట చచ్చినది. ధనవంతుని సంతోషము పేదవానిపై పన్నయ్యెను. ఆ సంపన్నునకు ఇది తెలియదు, అతడు మంచివాడే. మంచితనము వలన కూడ అన్యాయము పుట్టవచ్చుననుటకు ఇదియే నిదర్శనము. గుండైన పిమ్మట జమీందారు తల యేదో కూలివాని తల యేదో తెలియకుండుటే ఆ మ్రొక్కులోని అందము. నోటు ఆ అందమును చెరచుచున్నది.

కొండ దిగి తిరుపతి పట్టణమునకు వచ్చినచో ఈ సమస్య వేరు వేరు వేషములు ధరించును. రైలుస్టేషనులో ఎర్రచొక్కా కూలీకి రైల్వేశాఖ బరువునుబట్టి రేటు నిర్ణయించినది. 2016 రైల్వే బడ్జెటులో కూలీ యను పేరును మార్చి సహాయకుడని పెట్టిరి. పేరు మారెను గాని వానికి నెలజీతము లేదు. మోసిననాడు కూలి, మోయనినాడు పస్తు. చక్రముల పెట్టెలు వచ్చిన పిమ్మట వాని బేరము తగ్గినది. ఇట్టివానికి రేటుపై మరికొంత ఇచ్చినచో ఎవనికిని అన్యాయము జరుగదు. వానికి జీతమిచ్చు యజమాని వేరొకడు లేడు. ఆటో త్రోలువాడును, చిత్తూరు వీధిలో చిన్న క్షౌరశాల నడుపుకొనువాడును ఇట్టివారే. బేరమాడి రూపాయి తగ్గించి, పిదప దయతో రూపాయి ఈనామిచ్చుటకంటె, అడిగిన న్యాయమైన కూలి పేచీ లేక ఇచ్చుట మేలు.

వంటగ్యాసు బండ సంగతి వేరు. ఇల్లు చేర్చు ఖర్చు బండ ధరలోనే చేరియున్నది. అదనము ఇయ్యనక్కరలేదని నిబంధన. ఐనను మోసుకొని వచ్చినవానికి ఇరువదియో ముప్పదియో ఇయ్యని ఇండ్లు తక్కువ. మూడంతస్తులు బండను భుజముపై మోసినవానికి వయోవృద్ధురాలు సంతోషించి ఇచ్చుట కానుక. ఇయ్యనిచో తరువాతి బండ ఆలస్యమగుననుకొని ఇచ్చుట మామూలు. చేయి ఒకటే, నోటు ఒకటే, పేరు మాత్రము మారినది. ఇచ్చువాని మనస్సులో నున్నది సంతోషమా, భయమా యను దానినిబట్టి ఆ పేరు నిర్ణయమగును.

పెద్ద హోటళ్లలో సమస్యకు మరియొక మలుపు కలదు. బిల్లులో సేవారుసుమను పేర నూటికింతయని హోటలువారే కలుపుకొను పద్ధతి వ్యాపింపగా, 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ దానిని నిషేధించుచు మార్గదర్శకములు వెలువరించెను. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకములను సమర్థించెను. ఇచ్చుట ఇయ్యకపోవుట తినినవాని ఇష్టమని దాని సారాంశము. తీర్పు మంచిదే. కాని హోటలు యజమాని తనవారికి చాలినంత జీతమిచ్చుచున్నాడా యను ప్రశ్నకు అది సమాధానము కాదు. ఆ ప్రశ్న అట్లే నిలిచియున్నది. ఇక చేతిఫోనులో పిలుచు బండ్లలో, బండి రాకమునుపే టిప్పు ఎంత యిత్తువని అడుగు పద్ధతి బయలుదేరినది. 2025 మే నెలలో అదే సంస్థ ఊబర్ కంపెనీకి ఈ విషయమై నోటీసు ఇచ్చెను. సేవకు ముందు అడిగినది కృతజ్ఞత ఎట్లగును? అది వేలము పాట. ఎక్కువ పాడినవానికి బండి, తక్కువ పాడినవానికి ఎండ.

టిప్పు పద్ధతి జీతమును మ్రింగివేసినచో ఏమగునో తెలిసికొనుటకు అమెరికా దేశమును చూడవలెను. అచ్చటి అంతర్యుద్ధము 1865లో ముగిసి నల్లవారు దాస్యవిముక్తులైన పిదప, రైలు పెట్టెలలో పరిచర్యకు వారిని తక్కువ జీతములకు పెట్టుకొని, మిగిలినది ప్రయాణికుల దయకు వదలిరి. ఆ వాడుక నేటికిని చట్టములో నిలిచియున్నది. టిప్పులు వచ్చు ఉద్యోగికి యజమాని తన వంతుగా చెల్లింపవలసిన కనీస వేతనము సమాఖ్య చట్టము ప్రకారము గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుండి అది మారలేదు. కొన్ని రాష్ట్రములు మాత్రము ఎక్కువ నిర్ణయించుకొన్నవి. జపానులో ఇందుకు భిన్నముగా టిప్పు ఇయ్యబోయినచో పరిచారకుడు ఇబ్బంది పడును, మరచిపోయిన డబ్బని వెంటవచ్చి తిరిగి ఇచ్చుటయు కలదు. మానవస్వభావము రెండుచోట్ల ఒకటే. జీతము ఎవరి బాధ్యత యను విషయమున ఒడంబడిక వేరు.

ఇంతవరకు చెప్పినది ఇచ్చుటలో మేలు కీడు కలిసియున్న సందర్భములను గూర్చి. సందేహమునకు తావులేని చోటును ఒకటి కలదు. ప్రభుత్వ కార్యాలయములోను, ప్రభుత్వ వైద్యశాలలోను ఇచ్చునది టిప్పు కాదు. దస్త్రము కదలుటకు ఇచ్చినను, రోగిని బల్లబండిపై త్రోసినందులకు ఇచ్చినను అది లంచమే. 2018లో అవినీతి నిరోధక చట్టమును సవరించి లంచమిచ్చుటను కూడ నేరముగా చేసిరి. బలవంతము వలన ఇచ్చినవాడు ఏడు దినములలో ఫిర్యాదు చేసినచో వానికి రక్షణ కలదు. కాని పురిటిగది వెలుపల నిలిచినవానికి చట్టము గుర్తురాదు. మగబిడ్డకింత, ఆడబిడ్డకింత అని రేటు చెప్పి, బిడ్డను చూపుటకు చేయి చాచు దురాచారము ఎన్ని ఊళ్లలో ఎందరికి అనుభవము కాలేదు? దానికి కూడ సంతోషము అనియే పేరు! మంచి మాటలకు ఇంతకు మించిన అవమానము లేదు. అవసరములో నున్నవాని నిస్సహాయతపై ధర కట్టుట అలవాటైన పిమ్మట అది ఎందాక పోవునో 2022 ఏప్రిలులో తిరుపతి చూచినది. ఆసుపత్రి వెలుపలి ప్రైవేటు అంబులెన్సులవారు అడిగిన వేల రూపాయలు ఇచ్చుకొనలేక, ఒక తండ్రి కన్నకొడుకు మృతదేహమును మోటారుసైకిలుపై స్వగ్రామమునకు తీసికొనిపోయెను. అది టిప్పు కాదు, లంచమును కాదు, ఘోరము. ఐతే ఆ ఘోరమునకు పోవు దారిలోని మొదటి మెట్లు “ఏదో తోచినది” అని నవ్వుచు ఇచ్చిపుచ్చుకొన్న నోట్లతోనే కట్టబడినవి.

కావున ఎప్పుడు ఇయ్యవలెను, ఎప్పుడు ఇయ్యరాదు అను ప్రశ్నకు అంకెలతో సమాధానము లేదు. నూటికి పది యనియో, పదునైదు యనియో పరదేశపు కొలతలు తెచ్చి పెట్టుటలో అర్థము లేదు. మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. ఈ పనివానికి జీతమిచ్చువాడు వేరొకడు కలడా? నేను ఇయ్యకున్నను నాకీ సేవ ఇట్లే జరుగునా? నేనిచ్చుట వలన నా వెనుకనున్న పేదవానికి ఇబ్బంది కలుగునా? మొదటిదానికి లేడు అని, రెండవదానికి జరుగును అని, మూడవదానికి కలుగదు అని సమాధానము వచ్చినచో నిస్సంకోచముగా ఇయ్యవలెను. ధారాళముగా ఇయ్యవలెను. జీతమున్నను అది చాలనిదని తెలిసినచో, రెండవ మూడవ సమాధానములు అనుకూలముగా నున్నప్పుడు ఇయ్యవచ్చును. కాని అంతటితో తన బాధ్యత తీరెననుకొనరాదు, ఆ జీతమిచ్చువానిని ప్రశ్నింపవలెను. రెండవదానికి గాని మూడవదానికి గాని ప్రతికూలమైన సమాధానము వచ్చినచో చేయి జేబులోనే యుండుట మేలు.

ఇచ్చు తీరును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. సిగ్గుతో ఇయ్యవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. ఇచ్చువాడు సిగ్గుపడుట యేమని వింతగా తోచును. తాను ఇయ్యగలిగిన స్థితిలోను ఎదుటివాడు తీసికొనవలసిన స్థితిలోను ఉండుట తన గొప్ప కాదని తెలిసినవానికి ఆ సిగ్గు కలుగును. బల్లపై చిల్లర గిరాటు వేసి “ఉంచుకో” అనువానికి అది తెలియదు. “అన్నా, ఇది పిల్లకాయలకు” అని చేతిలో పెట్టువానికి తెలియును. మొత్తము ఒకటే కావచ్చును. మొదటిది పుచ్చుకొన్నవాడు ఆ దినమంతయు కుములును, రెండవది పుచ్చుకొన్నవాడు ఇంటికి పోయి చెప్పుకొనును.

మరల కల్యాణకట్ట ప్రశ్నకు వచ్చినచో సమాధానము ఇప్పుడు స్పష్టము. అచ్చట యాత్రికుడు డబ్బు ఇయ్యరాదు. క్షురకుడు అనర్హుడని కాదు, వెనుకనున్న ఐదు తలల కుటుంబము కొఱకు. అట్లని ఇయ్యవలదను ఆజ్ఞయు, జేబులు తడవు సోదాయు సమస్యను తీర్పవు. క్షౌరశాల యనక కల్యాణకట్ట యని పేరు పెట్టుటలోనే పూర్వులు ఆ పనికి చూపిన మన్నన కలదు. ఆ మన్నన జీతపు లెక్కలోను కనబడవలెను. దీనికొక సులభమైన ఉపాయము కలదు. “క్షురకులకు డబ్బు ఇయ్యవలదు” అను ప్రకటన క్రింద, “మీ తలనీలములు తీసినందులకు వీరికి దేవస్థానము తలకు ఇంత చెల్లించుచున్నది” అని, ఆ అంకెను అందరికి కనబడునట్లు అన్ని భాషలలో వ్రాయవలెను. పూర్వము మేర ఎంతయో ఊరికి తెలిసినట్లే, శాసనములలో భాగమెంతయో రాతిపై కనబడినట్లే, ఇదియు బయటికి తెలియవలెను. ఆ అంకె న్యాయముగా నున్నచో దానిని చదివిన యాత్రికుడు నిశ్చింతగా నోటును హుండీకి దాచుకొనును, క్షురకుడును తలయెత్తి పనిచేసికొనును. న్యాయముగా లేనిచో, దినమునకు వేలమంది దానిని చదువుదురు. అప్పుడు ప్రశ్న క్షురకుని జేబును గూర్చి గాక, ఆ అంకెను వ్రాసినవారిని గూర్చి పుట్టును.